వీధి వినాయకుణ్ణి తెచ్చి, నిలిపి, సాగనంపడం ఎలా

వినాయక చవితి మండపాల దగ్గర ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు ఏటా దాదాపు అవే. విగ్రహాన్ని బండి మీద తెస్తున్న రాత్రి, పందిట్లోకి వాన కొట్టిన రోజు, నిమజ్జనానికి బయల్దేరిన సాయంత్రం. కమిటీలేమో నెల ముందు నుంచీ చందా పుస్తకాలు, విగ్రహం అడ్వాన్సు, లడ్డూ వేలం గురించి మాట్లాడుకుంటాయి గానీ తీగల్నీ నీళ్లనీ ఎవరు చూసుకుంటారో తేల్చుకోవు. "అందరం ఉన్నాం కదా" అంటారు. తీరా ఎవరికైనా షాక్ కొట్టినప్పుడు మెయిన్ ఎక్కడుందో తెలిసిన ఒక్కడూ టీ తాగడానికి వెళ్లి ఉంటాడు.

అందుకని మొదటి మీటింగులోనే పుస్తకం మొదటి పేజీలో రెండు పేర్లు రాయండి. ఒకరు కరెంటుకి, ఒకరు బండికీ నీళ్లకీ. వీళ్లిద్దరూ వేరే పని పెట్టుకోకూడదు, పూజలో పీటల మీద కూర్చోకూడదు, నిమజ్జనం రోజు మందు జోలికి పోకూడదు. వీళ్లు "ఆపు" అంటే డప్పు కూడా ఆగాలి. ఈ మాట కమిటీ పెద్దలు అందరి ముందూ చెప్పాలి. లేకపోతే ఊరేగింపులో కుర్రాళ్లు వినరు.

ఇక్కడ చెప్పేది జిల్లా కేంద్రాల్లో, మున్సిపాలిటీల్లో, పెద్ద మండల కేంద్రాల్లో 5 నుంచి 12 అడుగుల విగ్రహం పెట్టే వీధి కమిటీల కోసం. ఖైరతాబాద్ విగ్రహానికి భారీ క్రేన్లూ, ఇంజనీర్లూ, అడుగడుగునా పోలీసులూ ఉంటారు. మీకు ఉండేది ఒక ట్రాక్టరు, నలుగురు కుర్రాళ్లు, ఫోనెత్తే లైన్‌మన్.

చోటు, కాగితాలు

ముందు తల పైకెత్తి చూడండి. స్తంభం మీది అడ్డపట్టీకి పింగాణీ గంటల మీద మూడు తీగలు పోతుంటే అది 11 కేవీ, అంటే 11 వేల ఓల్టుల లైను అనుకోండి. దానికి తొడుగు ఉండదు. ఇనుప రాడ్డో తడి కర్రో బాగా దగ్గరికి వెళితే, తాకకముందే అంటుకుంటుంది. ఆ లైనుకు భవనం పక్కగా ఉంటే 1.2 మీటర్లు, కిందుగా ఉంటే 3.7 మీటర్ల ఎడం ఉండాలని విద్యుత్ నిబంధనలు చెబుతాయి. మండపం విషయంలో ఈ లెక్కలు పెట్టుకోకండి. పందిరి కట్టేవాళ్లు 20 అడుగుల గుంజను నిలబెట్టేటప్పుడు అది ఎటు ఒరుగుతుందో ఎవరికీ తెలీదు. గుంజ పూర్తిగా పడిపోయినా తీగను అందుకోలేనంత దూరమే సరైన దూరం. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్క ఖాళీ చోటు ఎంత ఊరించినా వదిలేయండి.

రోడ్డు మీద పెట్టక తప్పకపోతే ఒక పక్కన కనీసం 12 అడుగుల దారి, 15 అడుగుల ఎత్తు వరకూ అడ్డం లేకుండా ఉంచండి. అంబులెన్సు, ఫైరింజను ఆ సందులోంచే రావాలి. స్వాగత తోరణం కట్టేవాళ్లకు ఈ ఎత్తు సంగతి ముందే చెప్పాలి, కట్టాక విప్పమంటే విప్పరు.

చవితికి కనీసం 10 రోజుల ముందు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు శాఖ ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుంటోంది. మండపం చోటు, కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్లు, విగ్రహం ఎత్తు, నిమజ్జనం తేదీ, చోటు అడుగుతారు. సొంత స్థలమైతే యజమాని నుంచి ఒప్పుకోలు కాగితం, రోడ్డో ప్రభుత్వ స్థలమో అయితే మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి జతచేయాలి. విగ్రహం ఎత్తు దగ్గర చాలామంది తగ్గించి రాస్తారు. అది మీకే చేటు. ఆ అంకెను చూసే మీ ఊరేగింపు ఏ రోడ్డున పోవాలో, చెరువు దగ్గర ఎంత క్రేను పెట్టాలో నిర్ణయిస్తారు.

మైకు సంగతి తేలికే. 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఇచ్చిందో లేదో స్టేషన్లో అడిగి తెలుసుకోండి, పక్క వీధివాళ్లు వాయిస్తున్నారని మీరూ వాయించకండి. ఇళ్ల మధ్య పగటి హద్దు 55 డెసిబెల్స్, రాత్రి 45. డీజే పెట్టెలు ఈ హద్దులో ఎక్కడా ఉండవు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తారు, అక్కడ పెట్టెలు ఆపి నడవాలి.

కరెంటు

2025లో రెండు ప్రభుత్వాలూ గణేశ్ మండపాలకు కరెంటు ఉచితమని ప్రకటించాయి. ఉచితమంటే స్తంభానికి కొక్కెం తగిలించుకోమని అర్థం కాదు. బిల్లున్నా లేకున్నా తాత్కాలిక కనెక్షన్‌కి విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసులో ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకి దరఖాస్తు పెట్టండి. స్తంభం ఎక్కేది లైన్‌మన్ ఒక్కడే. "మావాడికి తెలుసు" అనే కుర్రాణ్ణి స్తంభం దగ్గరికి కూడా పోనివ్వొద్దు.

దరఖాస్తులో లోడు రాయాలి. చేతి లెక్క ఇలా వేసుకోండి. 50 వాట్ల ఫోకస్ లైట్లు 6 అయితే 300, స్టాండు ఫ్యాన్లు 3 కలిపి 450, ట్యూబులు 10 కలిపి 200, సీరియల్ సెట్లు 20 కలిపి 300, మైకు యాంప్లిఫయరు 500, తిరిగే చక్రం మోటారు 200. మొత్తం 1950 వాట్లు. 2 కిలోవాట్లని రాస్తే చివరి రోజు ఎవరో ఇంకో రెండు ఫోకస్‌లు తెస్తారు, కాబట్టి 3 అడగండి. 3 కిలోవాట్లంటే సుమారు 13 ఆంపియర్లు. మెయిన్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది, స్తంభం దూరంగా ఉంటే 4 వేయించండి. లైట్లకు 1.5 చాలు. డీజేకి ఈ కనెక్షన్ నుంచి ఇవ్వకండి, వాళ్ల జనరేటరు వాళ్లదే.

మండపాల్లో మనుషుల్ని కాపాడే వస్తువు ఒక్కటి ఉంది, దాన్నే ఎక్కువమంది పెట్టరు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కాస్త బయటికి కారినా సరఫరా ఆపేసే స్విచ్. మన ఎలక్ట్రీషియన్లు ఈఎల్‌సీబీ అనే అంటారు. లోడు ఎక్కువైతే పడే స్విచ్, ఎంసీబీ, ఉంది కదా అనుకోవద్దు. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటితేనే పడుతుంది, మనిషి గుండె ఆగడానికి అందులో నూరో వంతు చాలు. అంటే ఎంసీబీ తీగను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. వినాయక చవితి వచ్చేది భాద్రపదంలో. నేల తడి, గుంజలు తడి, పూజకు కూర్చున్నవాళ్ల కాళ్లకు చెప్పులు ఉండవు. షాక్‌కి ఇంతకంటే అనువైన చోటు ఇంకోటి లేదు.

బోర్డు ఈ వరసలో కట్టించండి: సర్వీసు తీగ, దాని తర్వాత 16 ఆంపియర్ల రెండు పోళ్ల ఎంసీబీ, తర్వాత ఆర్‌సీసీబీ, అక్కణ్ణుంచి మూడు చిన్న ఎంసీబీలు. పందిరి లోపలి లైట్లకు 6, ఫ్యాన్లకూ మైకుకూ 10, బయటి సీరియల్ సెట్లకు 6. వానలో ఎక్కువగా తడిసేవి బయటివే, వాటిని విడిగా ఆపే వీలుండాలి. బోర్డును పొడి చెక్క మీద, నేలకు 5 అడుగుల ఎత్తున, విగ్రహం వెనక కాకుండా పందిరి పక్కన బిగించండి. వాన తగలకుండా పైన రేకు వేయండి గానీ తాళం వేయొద్దు. మెయిన్ ఆపడానికి విగ్రహం వెనక తెర ఎత్తి, కొబ్బరికాయల బస్తా దాటి పోవాల్సి వస్తే ఆ మెయిన్ ఉన్నా లేనట్టే.

ఆర్‌సీసీబీకి "టి" అని ఒక బటన్ ఉంటుంది. రోజూ సాయంత్రం హారతికి ముందు దాన్ని నొక్కాలి. టప్‌మని పడితే బాగున్నట్టు, పడకపోతే అది బొమ్మ, మార్చాలి.

రెండో రోజుకో మూడో రోజుకో మీ ఎలక్ట్రీషియన్ వచ్చి "ఇది ఊరికే పడిపోతోందన్నా, డైరెక్ట్ చేసేశా" అంటాడు. ఈ గైడంతా మరిచిపోయినా ఆ మాట దగ్గర ఆగండి. అది ఊరికే పడదు. కారణం రెండింట్లో ఒకటి. ఫేజు మీ బోర్డు నుంచి తీసుకుని న్యూట్రల్ పక్కింటి నుంచో ఎర్త్ నుంచో తీసుకుని ఉంటారు, లేదా ఎక్కడో తడి జాయింటు లోంచి కరెంటు ఇనప గుంజలోకి కారుతోంది. చిన్న ఎంసీబీలన్నీ ఆపి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్కటే వేస్తూ రండి. ఏది వేసినప్పుడు పడిందో ఆ లైనులోని సీరియల్ సెట్లను ఒక్కొక్కటిగా పీకుతూ వెళితే దొంగ దొరుకుతాడు. సాధారణంగా అది గత ఏడాది అటక మీద ఎలుకలు కొరికిన సెట్టే.

ఇనప గొట్టాల పందిరైతే ఆ గొట్టాలన్నిటినీ రాగి తీగతో కలిపి ఎర్త్ చేయాలి. 6 అడుగుల ఎర్త్ రాడ్డును నేలలోకి దిగ్గొట్టి, బోర్డు ఎర్త్ తీగనూ దానికే కలపండి. తీగల్ని ఇనుముకు చుట్టి టేపు వేయడం మన అలవాటు. గాలికి తీగ ఊగి ఊగి పైతొడుగు అరిగిపోతుంది, మూడో రోజుకు గొట్టం మొత్తం కరెంటే. వెదురు కట్టి దాని మీదుగా లాగండి. జాయింట్లు నేల మీద పడేయకుండా తల ఎత్తున వేలాడదీయండి. జాయింటుకు ముందు తీగ ఊయలలా కిందికి దిగి మళ్లీ పైకి వెళ్లేట్టు వదిలితే వాన నీరు ఆ దిగువన చుక్కలుగా రాలిపోతుంది, జాయింటులోకి పాకదు.

జనరేటరు ఉంటే పందిరికి 20 అడుగుల అవతల, పొగ పందిట్లోకి రాకుండా గాలి ఎటు వీస్తోందో చూసుకుని పెట్టండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రాత్రి మండపంలో పడుకున్నవాళ్లు నిద్రలోనే పోతారు. లైను కరెంటో జనరేటరు కరెంటో ఏదో ఒక్కటే బోర్డుకు వచ్చేలా చూసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు తీగను బోర్డుకు తగిలించొద్దు. మీ కరెంటు వెనక్కి స్తంభం ఎక్కి, ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల ఓల్టులుగా మారి, లైను ఆపేశామన్న నమ్మకంతో పైన పనిచేస్తున్న లైన్‌మన్‌ని కొడుతుంది.

పందిరి

10, 12 అడుగుల ఎత్తు పందిరికి గుంజలు కనీసం 2 అడుగులు నేలలో దిగాలి. సిమెంటు రోడ్డు మీద గొయ్యి తీయలేం కాబట్టి ఇసుక బస్తాల్లో నిలబెడతారు. ఒక్కో గుంజకు రెండు బస్తాలు అడుగున కట్టి, మూలల దగ్గర ఐమూలగా ఊతాలు వేయాలి. ఊతం లేని పందిరి నిటారుగా నిలబడ్డట్టే కనిపిస్తుంది, ఒక పక్క నుంచి గాలి కొట్టగానే పేకమేడలా ఒక వైపుకి పడుకుంటుంది.

టార్పాలిన్ చదునుగా కట్టొద్దు, ముందు నుంచి వెనక్కి వాలు పెట్టండి. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న చోట రెండంగుళాల నీరు నిలిస్తే దాదాపు 470 లీటర్లు, అంటే 470 కిలోలు నెత్తి మీద ఉన్నట్టు. ఉబ్బిన గుడ్డను కింద నుంచి కర్రతో పొడిచి నీళ్లు కారబోయడం ప్రతి పందిట్లో కనిపించే దృశ్యం. ఆ నీళ్లు సరిగ్గా ఫోకస్ లైటు మీద పడతాయి. పొడిచే ముందు మెయిన్ ఆపండి.

వేదిక మీద మనుషుల బరువు కూడా పడుతుంది. విగ్రహం 300 కిలోలైతే నిమజ్జనం పూట దాన్ని ఎత్తడానికి ఎక్కే పదిమంది ఇంకో 600 కిలోలు. డ్రమ్ముల మీద చెక్కలు పరిచే కమిటీలు ఈ రెండో అంకెను లెక్కలోకి తీసుకోవు.

దీపం, వంట, కాపలా

అఖండ దీపాన్ని ఇసుక పోసిన వెడల్పాటి పళ్లెంలో, గాజు చిమ్నీ లోపల, తెరకు 3 అడుగుల దూరంలో పెట్టండి. థర్మోకోల్, మెరుపు కాగితం, నైలాన్ చీరలు నిమిషంలో అంటుకుంటాయి, కరిగి మనుషుల మీద పడతాయి. 6 కిలోల ఏబీసీ రకం మంటలార్పే సిలిండరు ఒకటి, రెండు బక్కెట్ల పొడి ఇసుక, రెండు బక్కెట్ల నీళ్లు బోర్డు దగ్గర కాకుండా ద్వారం దగ్గర ఉంచండి. సిలిండరు 20 సెకన్లకు మించి రాదు, అందుకని పైన ఎగసే మంట మీద కాదు, మంట మొదలు మీద కొట్టాలి. మెయిన్ ఆపకుండా నీళ్లు పోయొద్దు.

వంట గ్యాసు పందిరి బయటే. ప్రసాదాల్లో పులిహోర కాస్త ఆగుతుంది, దద్దోజనం ఆగదు. వండిన నాలుగు గంటల్లో పంచేయండి, మధ్యాహ్నం మిగిలింది సాయంత్రం హారతికి పెట్టకండి.

రాత్రి కాపలాకు ఇద్దరుండాలి. విగ్రహం వెనక తెర చాటున కాకుండా ద్వారం వైపు పడుకోవాలి.

బండి, దారి, తీగలు

ఎత్తు లెక్క విగ్రహం కొనకముందే వేయాలి. ట్రాలీ నేల నుంచి 4 అడుగులు, పీట 1 అడుగు, 12 అడుగుల విగ్రహం, పైన గొడుగు ఒకటిన్నర అడుగు. మొత్తం పద్దెనిమిదిన్నర. వీధికి అడ్డంగా పోయే మామూలు లైను 5.8 మీటర్ల ఎత్తున ఉండాలి, అంటే 19 అడుగులు. 11 కేవీ అయితే 6.1 మీటర్లు, 20 అడుగులు. కాగితం మీద అర అడుగు మిగిలింది. కానీ స్తంభాలు వేసిన తర్వాత ఆ వీధికి సిమెంటు రోడ్డు రెండు సార్లు పోసి ఉంటారు, పోసినప్పుడల్లా నేల అర అడుగు పైకి లేస్తుంది. ఎండకీ లోడుకీ తీగ మధ్యలో కిందికి జారుతుంది. అందుకే బండితో కలిపి మొత్తం 15 అడుగులు దాటకుండా చూసుకోండి, అంటే విగ్రహం ఎనిమిదిన్నర అడుగుల లోపు. అంతకంటే పెద్దది కావాలంటే కిందికి ఉండే లో బెడ్ ట్రాలీ మాట్లాడుకోవాలి.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు పాకి ఐదుగురు చనిపోయారు. రథాన్ని లాగుతున్న వాహనం ఆగిపోతే కుర్రాళ్లు చేతులతో లాగుతున్నారు. వినాయక చవితి కమిటీలకు ఇందులో అచ్చంగా సరిపోయే విషయం ఒకటుంది. బండి మొరాయిస్తే మనవాళ్లూ వెంటనే చేసేది అదే, అందరూ ఒక్కసారిగా ఇనప చట్రం పట్టుకుని తోయడం. బండి ఆగితే ముందు పైన ఏముందో చూడాలి, తీగల కింద ఆగిందంటే ఇంకో ట్రాక్టరు వచ్చేదాకా చెయ్యి వేయకూడదు. స్పేర్ ట్రాక్టరు నంబరు ముందే జేబులో ఉండాలి.

ఊరేగింపుకు రెండు రోజుల ముందు లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని దారంతా పట్టపగలు నడవండి. కర్ర పైకెత్తి కొలవొద్దు, ఎంత వెదురైనా తడిస్తే తీగే. మీ బండి ఎత్తు ఇంత అని చెప్పండి, ఎక్కడ తక్కువుందో లైన్‌మనే చూపిస్తాడు. ఆ చోట్లు రాసుకోండి. దాటలేని చోట సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుని, అంటే లైన్ క్లియర్ తీసుకుని, సరఫరా ఆపించాకే దాటాలి. "ఆపమని చెప్పాం" అన్నది ఎల్‌సీ కాదు. లైన్‌మన్ అక్కడ నిలబడి, తీసుకున్నానని తన నోటితో చెప్పాలి.

అన్ని ఊళ్లలోనూ కనిపించే మరో ప్రమాదం, విగ్రహం భుజం దగ్గర ఒక కుర్రాడు కూర్చుని వెదురు కర్రతో కేబుల్ టీవీ వైర్లు ఎత్తడం. వాడి కళ్లు కేబుల్ మీద ఉంటాయి, కర్ర చివర దాని పైనున్న లైను మీద ఉంటుంది. కేబుల్ ఆపరేటరుకు ముందు రోజే చెప్పి వైర్లు ఎత్తు కట్టించండి. బండి మీద ఎవరూ ఉండకూడదు, తీగల్ని చూసే మనిషి బండికి 20 అడుగుల ముందు నేల మీద, మెడలో ఈలతో నడవాలి. ఈల ఒకసారి మోగితే డ్రైవరు ఆపేయాలి.

ట్రాలీలో విగ్రహం ఎక్కడ కూర్చోవాలన్నది కూడా చూడండి. రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు కొంచెం ముందు ఉండాలి. అందంగా కనిపించాలని వెనక్కి జరిపితే ట్రాలీ మూతి పైకి లేస్తుంది, దానితో ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. చదును రోడ్డు మీద ఇది తెలీదు, చెరువు కట్ట ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పీటను నాలుగు వైపులా తాళ్లతో ట్రాలీ కొక్కేలకు బిగించి, పిల్లల్ని మడ్‌గార్డుల మీద కూర్చోబెట్టడం మానిపించండి.

బండి హైటెన్షన్ తీగకు తగిలితే: పట్టుకున్నవాళ్లను లాగడానికి పరిగెత్తకండి. నేలలో కూడా కరెంటు ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు అడుగులు పెద్దవి వేయకుండా, పాదాలు నేలకు రాస్తూ కనీసం 10 మీటర్లు వెనక్కి జరగాలి. డ్రైవరు దిగకూడదు. మంట లేస్తే మాత్రం బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ జోడించి దూకాలి. 1912కీ 112కీ ఫోన్ చేయండి, సరఫరా ఆగిందని లైన్‌మన్ చెప్పాకే ముట్టుకోండి. మండపంలో మామూలు లైను షాక్ అయితే మెయిన్ ఆపి పక్కకు లాగొచ్చు.

ఆ తర్వాత అరికాళ్లు, అరచేతులు రుద్దుతూ కాలం పోగొట్టకండి. పిలిస్తే పలక్కుండా, ఊపిరి మామూలుగా లేకపోతే వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ము మధ్యలో రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. 108 వచ్చేదాకా ఆపొద్దు, రెండు నిమిషాలకోసారి మనిషి మారండి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, గుండె లయ తర్వాత కూడా తప్పొచ్చు.

వీధికి కబురు

నిమజ్జనం కబురు వాట్సాప్ గ్రూపుల్లో "భారీ ఊరేగింపు, అందరూ రండి" అని పోతుంది. రాని వాళ్లకు కావాల్సిన సమాచారం అందులో ఉండదు. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, కాన్పు దగ్గరపడ్డవాళ్లు, పరీక్షకు పోయే పిల్లలు ఆ వీధిలోనే ఉంటారు. ఇలా రాయండి:

"శనివారం మధ్యాహ్నం 1కి మండపం నుంచి బయల్దేరుతాం. గాంధీ బొమ్మ, పాత బస్టాండు, రైతుబజారు మీదుగా ఊరచెరువుకు 4కి చేరతాం. ఆ మూడు గంటలూ పాత బస్టాండు రోడ్డు మూసి ఉంటుంది, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు రైల్వే గేటు రోడ్డున వెళ్లండి. దారిలో కరెంటు 2 నుంచి 2:20 దాకా ఆపుతారు. అత్యవసరమైతే కమిటీ నంబరుకు ఫోన్ చేయండి, బండి పక్కకు తీస్తాం."

ఇదే కాగితం మీద రాసి మండపం దగ్గరా, పాల బూతు దగ్గరా అంటించండి. పిల్లాడు తప్పిపోయాడని మెసేజ్ వస్తే వయసు, చొక్కా రంగు, చివరగా కనిపించిన చోటు, టైము ఉంటేనే పంపండి. దొరికాక "దొరికాడు" అన్న మెసేజ్ కూడా అన్ని గ్రూపులకూ పంపాలి, లేకపోతే ఆ ఫొటో మూడేళ్లు తిరుగుతూనే ఉంటుంది.

నీళ్ల దగ్గర

అధికారులు చూపిన రేవులోనే కలపండి. మీకు తెలిసిన పాత మడుగు వేసవిలో మట్టి తోడేసిన గొయ్యి అయ్యుంటుంది. గోదావరి ఒడ్డు ఊళ్లవాళ్లు ఆ ఉదయం వరద మట్టం చూసుకోవాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ రోజు నదిలోకి దిగే ఆలోచనే వద్దు. డెల్టా కాలువలు పంట కాలంలో నిండుగా పారుతుంటాయి, పైకి నెమ్మదిగా కనిపించినా లోపలి లాగుడు వేరు. గట్టు గోడలకు నాచు ఉంటుంది, పడ్డవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

నిండా మట్టితో చేసిన విగ్రహం దిగిన చోటే మునుగుతుంది. పీఓపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహం లోపల గుల్ల, గడ్డి చట్రం మీద చేసింది తేలిక, రెండూ తేలుతాయి. తేలినదాన్ని ముంచడానికి కుర్రాళ్లు దాని మీదికి ఎక్కుతారు, అది దొర్లి వాళ్ల మీద పడుతుంది. మట్టి విగ్రహంతో ప్రమాదం తాడు దగ్గర. తాడును మణికట్టుకో నడుముకో చుట్టుకున్నవాణ్ణి విగ్రహం తనతో లాక్కుపోతుంది, తాడును పిడికిలితో మాత్రమే పట్టుకోవాలి. పీఓపీ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి. పత్రి, పూలదండలు, బట్టలు ముందే తీసేసి పక్కన వేయాలన్నదీ అందులోదే. 3 అడుగుల లోపు మట్టి విగ్రహమైతే వీధిలోనే పెద్ద తొట్టెలో కలిపేయండి, రెండు రోజుల్లో కరిగి మొక్కలకు మట్టి అవుతుంది.

క్రేను ఉంటే మీ బాధ్యత తాళ్లు కట్టడంతో అయిపోతుంది, విగ్రహం గాల్లో ఉండగా కింద ఎవరూ నిలబడకూడదు. క్రేను లేని చిన్న చెరువుల్లో గజ ఈతగాళ్లు మాత్రమే దిగాలి, లైఫ్ జాకెట్లతో. ఒడ్డున గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి, దానికి 20 మీటర్ల తాడు కట్టి సిద్ధంగా ఉంచండి. ఎవరైనా మునిగితే ఆ ట్యూబు విసరాలి. ఈత వచ్చని దూకినవాణ్ణి మునిగేవాడు మెడ పట్టుకుంటాడు.

ట్రాక్టరును రేవు వాలులో వెనక్కి దించేటప్పుడు ట్రాలీ చక్రాలకు అడ్డు చెక్కలు వేసే మనిషి ఉండాలి. బురదలో బ్రేకులు పట్టవు. ట్రాలీకీ నీళ్లకీ మధ్య ఎవరూ నిలబడకుండా చూసే బాధ్యత ఆ పేజీలో రాసుకున్న రెండో మనిషిదే. చీకటి పడకముందే పని పూర్తయ్యేలా మండపం దగ్గర బయల్దేరే టైమును వెనక్కి లెక్కేసుకోండి.

మర్నాడు

తాత్కాలిక కనెక్షన్ తీయించినట్టు సెక్షన్ ఆఫీసులో రాయించండి. వేలాడే సర్వీసు తీగ వారం తర్వాత కూడా కొడుతుంది. సీరియల్ సెట్లలో కొరికినవి, అతుకులు ఎక్కువున్నవి అటకెక్కించకుండా అక్కడే పారేయండి.

ఆఖరి పని గుంజలు తీసిన గుంతలు. పైపైన మట్టి కప్పితే మొదటి వానకే కుంగుతాయి, నీళ్లు నిండాక గుంత ఉన్నట్టే తెలీదు, రాత్రి టూవీలరు ముందు చక్రం సరిగ్గా అందులోనే పడుతుంది. అడుగున కంకర వేసి, పైన మట్టి అర అడుగు చొప్పున పోస్తూ, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టాలి. చివరి పొర రోడ్డు కంటే రెండంగుళాలు ఎత్తు ఉండనివ్వండి, వారంలో అదే సర్దుకుంటుంది.